బోటు వేటకు అల్లిక దారం: ఎంపికలో మెలకువలు

వంజరం, సూర చేపల కోసం సముద్రంలోకి బోటుపై గాలం వేటకు వెళ్లేవారు దారం ఎంపికలో జాగ్రత్త పడాలి. అల్లిక దారం అంతే బలమున్న నైలాన్ తంగూసు కంటే సన్నగా ఉంటుంది. నీటి ఉరవడికి అంతగా కొట్టుకుపోదు. దాదాపు సాగదు గనుక లోతులో చేప ఎర ముట్టినా వెంటనే తెలుస్తుంది. 4 పేటలది చవక, రాపిడికి కొంత ఓర్చుకుంటుంది. 8 పేటలది నున్నగా జారుతుంది.

అయితే రాళ్లకు, వంజరం పళ్లకు ఏదైనా ఇట్టే తెగిపోతుంది. కాబట్టి చివర 2 మీటర్ల మందపాటి తంగూసు, వంజరానికైతే గాలం దగ్గర జానెడు ఉక్కు తీగ కట్టాలి. ముడి జారకుండా చుట్లు ఎక్కువ వేసి, తడిపి బిగించాలి. ఉత్త చేతులతో లాగితే వేళ్లు కోసుకుపోతాయి. తొడుగులు తప్పనిసరి. ఒడ్డుకొచ్చాక దారాన్ని మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. తెగిన ముక్కలు సముద్రంలో పారేయకండి, తాబేళ్లకు చుట్టుకుంటాయి.