మీకు తెలుసా? మద్రాసు ఐసు అమెరికా నుంచి వచ్చేది!

ఫ్రిజ్‌లు, ఐస్ ఫ్యాక్టరీలు లేని రోజుల్లోనే మన దేశంలో కొందరు నడివేసవిలో ఐసు వేసుకున్న నీళ్లు తాగారు. ఆ ఐసు అమెరికాలోని చెరువుల నుంచి ఓడల్లో దిగేది.

బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి మంచును దిమ్మలుగా కోయించి అమ్మేవాడు. 1833 మే నెలలో ‘టస్కనీ’ అనే ఓడ ఆయన పంపిన 180 టన్నుల మంచుతో కలకత్తాకు బయలుదేరింది. దారిలో భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా సుమారు 100 టన్నులు కరగకుండా మిగిలింది!

ఇదెలా సాధ్యం? దిమ్మలను సందు లేకుండా పేర్చి, బయటి వేడి సోకకుండా చుట్టూ పొట్టు వంటివి కూరేవారు. కానీ అసలు బలం మంచుదే. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచు కరగడానికి పట్టే వేడితో, అంతే చల్లగా ఉన్న కిలో నీటిని దాదాపు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంత వేడి అందితే తప్ప మంచు నీరు కాదు. అందుకే పెద్ద గుట్టగా పేర్చిన మంచు నెలల తరబడి నిలిచింది.

మద్రాసులో ఈ ఐసును దాచడానికి 1842లో సముద్రం ఒడ్డున ‘ఐస్ హౌస్’ కట్టారు. 1897లో స్వామి వివేకానంద బస చేసింది అందులోనే. నేటి వివేకానంద హౌస్ అదే. చెన్నైలో మెరీనా బీచ్‌కు వెళ్లినప్పుడు ఆ గుండ్రని గోడల భవనాన్ని తప్పక చూడండి.