ఊపిరితిత్తిలో గడ్డ: పేరు తెలిశాకే చికిత్స

ఎక్స్‌రేలో ఊపిరితిత్తిపై మచ్చ కనిపించిందనగానే మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు అది క్షయేనని తేల్చి మందులు మొదలుపెట్టమంటారు. మరికొందరు క్యాన్సరేనని నిర్ణయించుకుని ఆశ వదులుకుంటారు. ఆ మచ్చ ఏమిటో ఎక్స్‌రే గానీ, సి.టి. స్కాన్ గానీ చాలాసార్లు తుదిగా చెప్పలేవు. కఫం పరీక్షలో క్షయ తేలక, గడ్డపై అనుమానం మిగిలినప్పుడు, దాని నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవలసి వస్తుంది. అదే బయాప్సీ.

సూది తగిలితే గడ్డ ఒళ్ళంతా పాకుతుందన్న భయంతో కొన్ని కుటుంబాలు ఈ పరీక్షకు వెనుకాడతాయి. అలా జరగడం చాలా అరుదు. కొద్దిగా రక్తం పడటం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం వంటి ఇబ్బందులు మాత్రం రావచ్చు. అందుకే పరీక్ష తరువాత రోగిని కొంతసేపు గమనిస్తారు.

తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు బ్లాకులో భద్రపరచి, అతి పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినితో చూస్తారు. కార్సినాయిడ్ అనే అరుదైన కణితినే తీసుకుందాం. ఊపిరితిత్తుల కణితుల్లో ఇది దాదాపు 1-2 శాతమే. ముక్క మరీ చిన్నదైనా, నలిగినా ఇది ప్రమాదకరమైన స్మాల్ సెల్ క్యాన్సర్‌లా కనిపించవచ్చు. విభజన చెందుతున్న కణాలను లెక్కిస్తే తేడా తెలుస్తుంది. 2 చదరపు మిల్లీమీటర్లలో అవి రెండుకంటే తక్కువగా ఉండి, కణజాలం చచ్చిపోయిన జాడ లేకుంటే అది సాధారణ కార్సినాయిడ్. దానికి ముఖ్య చికిత్స శస్త్రచికిత్స. దానితోనే చాలామంది కోలుకుంటారు. స్మాల్ సెల్‌కు ప్రధానంగా కీమోథెరపీ అవసరం.

కొన్నిసార్లు కణాల రూపం చాలదు, జన్యువులను చూడాలి. పొగతాగని యువకులకు సైతం వచ్చే నట్ కార్సినోమాలో 15వ క్రోమోజోమ్‌పై గల నట్‌ఎం1 జన్యువు తెగి, ఎక్కువగా 19వ క్రోమోజోమ్‌పై గల బీఆర్‌డీ4 జన్యువుతో అతుక్కుంటుంది. ఇది అతివేగంగా పెరిగే వ్యాధి. ప్రతి రోజూ విలువైనదే. ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ కణితి మరొకటి. సూక్ష్మదర్శినిలో కేవలం వాపులా భ్రమింపజేస్తుంది. వీటిలో దాదాపు సగం కణితుల్లో ఆల్క్ జన్యువులో మార్పు ఉంటుంది. శస్త్రచికిత్స వీలుకాని అటువంటి రోగులకు ఆ మార్పునే అడ్డుకునే మాత్రలున్నాయి.

‘జన్యు పరీక్ష’ అనగానే పిల్లల పెళ్ళి సంబంధాలు ఏమవుతాయోనన్న దిగులు తల్లిదండ్రులను పట్టుకుంటుంది. పైన చెప్పిన మార్పులు కణితి కణాల్లో పుట్టినవే గానీ తల్లిదండ్రుల నుంచి వచ్చినవి కావు, సంతానానికి సంక్రమించేవీ కావు. ఈ కారణంగా సంబంధాలు వదులుకోవడం ఆ కుటుంబానికి అన్యాయం చేయడమే.

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. తెలియనిది తెలిసినవారిని అడగమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది. కనుక దుఆతోపాటు వైద్యుణ్ణి మూడు ప్రశ్నలు అడుగుదాం: ఈ కణితి పేరేమిటి? ఆ పేరు ఏ పరీక్షతో తేలింది? జన్యు పరీక్షకు ముక్క మిగిలి ఉందా? రిపోర్టు సందేహాస్పదంగా ఉంటే మైనపు బ్లాకును, స్లైడ్లను తీసుకుని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రిలో రెండో అభిప్రాయం కోరవచ్చు. చాలాసార్లు మళ్ళీ సూది గుచ్చవలసిన పని ఉండదు. ఆ బ్లాకును అమానతుగా భావించి జాగ్రత్తపరచుకుందాం.