మొటిమలకు రోజుకు 20 రూపాయల లోపు రొటీన్: ముఖానికి ఏం రాయాలి, ఏం రాయకూడదు

ఈ ఎపిసోడ్‌లో మొటిమల గురించి మాట్లాడుకుందాం.

నేను బీఫార్మసీ చదివాను. కామవరపుకోటలో మెడికల్ షాపులో పని చేస్తాను. మా కౌంటర్ దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా అడిగే వాటిలో మొటిమల క్రీమ్ ఒకటి. "అన్నా, ఆదివారం పెళ్లికెళ్లాలి, రెండు రోజుల్లో తగ్గేది ఏదైనా ఇవ్వు" అంటారు. రెండు రోజుల్లో మొటిమలు తగ్గించే క్రీమ్ లేదండి. రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపించేలా చేసే క్రీమ్ మాత్రం ఉంది. అసలు ప్రమాదం దాంతోనే. అదేంటో చెప్తాను. దానికంటే ముందు మొటిమ ఎలా వస్తుందో చూద్దాం. అది తెలిస్తే డబ్బు దేనికి పెట్టాలో, దేనికి అక్కర్లేదో మీకే అర్థమైపోతుంది.

మొటిమ ఎలా వస్తుంది?

మన చర్మంలో వెంట్రుకల మొదళ్ల దగ్గర చిన్న చిన్న నూనె గ్రంథులు ఉంటాయి. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి హార్మోన్ల వల్ల అవి ఎక్కువ నూనె వదులుతాయి. అదే సమయంలో రంధ్రం లోపల చనిపోయిన చర్మకణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అంటుకుంటాయి. నూనె, కణాలు కలిసి రంధ్రానికి మూత పడిపోతుంది. మూత పైకి తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్, మూసుకుని ఉంటే వైట్‌హెడ్. ఆ లోపల ఒక రకం బ్యాక్టీరియా పెరిగి, వాపు వచ్చి, ఎర్రగా నొప్పిగా తయారైతే మనం మొటిమ అంటాం.

ఇందులో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, బ్లాక్‌హెడ్‌లో నలుపు మురికి వల్ల రాదు. చర్మానికి రంగునిచ్చే పదార్థం గాలి తగిలి నల్లబడుతుంది, అంతే. కాబట్టి రోజుకి ఆరుసార్లు సబ్బుతో తోమినా అది పోదు. పైగా చర్మం ఎండిపోయి, మండి, ఇంకా పాడవుతుంది. రెండు, ఆ మూత కంటికి కనబడకుండా కొన్ని వారాల ముందే మొదలవుతుంది. ఈ రోజు అద్దంలో చూసిన మొటిమ లోపల ఎప్పుడో పుట్టింది. మందు పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టేది అందుకే. కొత్త మూతలు పడకుండా ఆపాలి, పాతవి తగ్గే వరకు ఆగాలి.

"ఒంట్లో వేడి అన్నా, మామిడిపండ్లు తిన్నాను" అంటారు చాలామంది. మన జిల్లాలోనే నూజివీడు రసాలున్నాయి, ఎండాకాలంలో తినకుండా ఎలా ఉంటాం చెప్పండి? మామిడిపండు వేడి చేసి మొటిమ తెప్పిస్తుందనడానికి ఆధారం లేదు. ఆధారం కాస్త ఉన్నదల్లా ఏంటంటే, రోజూ తీపి, కూల్‌డ్రింకులు, మైదా తిళ్లు బాగా తినేవాళ్లలో కొందరికి మొటిమలు పెరగొచ్చు. జిమ్ముకెళ్లి వే ప్రోటీన్ పౌడర్ తాగడం మొదలెట్టాక పెరిగినవాళ్లూ ఉన్నారు. మీకు అలా అనిపిస్తే ఒక నెల ఆపి చూడండి.

రెండు రోజుల్లో తగ్గించే క్రీమ్ కథ

ఇప్పుడు అసలు మాట. ఎర్రదనం, వాపు టక్కున తగ్గించే క్రీముల్లో ఉండేది స్టీరాయిడ్. తామర, ఎగ్జిమా లాంటి మాటలు చెప్పి ఒకరు కొంటారు, ఇంట్లో మిగిలిన ట్యూబు ఇంకొకరు ముఖానికి రాస్తారు. మొదటి వారం అద్భుతంగా ఉంటుంది. ముఖం తెల్లబడినట్టు, నున్నగా అయినట్టు కనబడుతుంది. ఫ్రెండ్స్ కూడా "ఏం రాస్తున్నావే?" అని అడిగి అదే కొంటారు.

కొన్ని వారాలు, నెలలు గడిచాక చర్మం పల్చబడుతుంది. బుగ్గల మీద సన్న ఎర్ర నరాలు కనబడతాయి. ఎండలోకి వెళ్తే మంట. ఆడపిల్లలకి ముఖం మీద నూగు వెంట్రుకలు పెరగొచ్చు. ఆపితే ముఖం భగ్గుమని ఎర్రబడి, చిన్న చిన్న మొటిమలు ఒకేసారి లేస్తాయి. దాంతో మళ్లీ రాస్తారు. అలా ఆ ట్యూబు వదలలేని పరిస్థితి వచ్చేస్తుంది. మొటిమ పోవాలని రాసిన క్రీమే మొటిమలు తెప్పిస్తుందన్నమాట.

ఇది మన ఊరి సమస్యే అనుకోకండి. 2011లో మన దేశంలోని చర్మవైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. ముఖం మీద సమస్యతో వచ్చిన 2926 మందిని చూస్తే, 433 మంది ముఖానికి స్టీరాయిడ్ రాస్తున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూత మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. రూల్ ఉంది, కానీ చీటీ లేకుండా అడిగేవాళ్లు ఆగలేదు. కౌంటర్ వెనక ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, నేను ఇవ్వనంటే "పక్క షాపులో ఇస్తారులే" అని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు.

అందుకే ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవడం నేర్చుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్, వీటిలో ఏది కనబడినా అది స్టీరాయిడే. మొటిమలకి రాయకూడదు. తెల్లబడే క్రీమ్ అని ఇచ్చే వాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌తో పాటు స్టీరాయిడ్ కూడా కలిపి ఉండొచ్చు. మీరు ఇప్పటికే నెలల తరబడి అలాంటిది రాస్తుంటే, భయపడొద్దు, కానీ సొంతంగా ఏదీ చేయొద్దు. ఆ ట్యూబు చేత్తో పట్టుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఎలా మానాలో ఆయన చెప్తారు.

ఇంటి చిట్కాల సంగతి

త్వరగా చెప్పేస్తాను. టూత్‌పేస్ట్ వద్దు, చర్మం కాలుతుంది. నిమ్మరసం అస్సలు వద్దు. అది బాగా పులుపు, పైగా నిమ్మజాతి రసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. సున్నిపిండి, శనగపిండి పెట్టి గట్టిగా రుద్దితే వాపున్న మొటిమ ఇంకా రేగుతుంది. కొబ్బరినూనె తలకి మంచిదే, కానీ ముఖానికి రాస్తే రంధ్రాలు మూసుకుంటాయి. తలకి దట్టంగా పట్టించిన నూనె నుదుటి మీదకి జారినా అంతే. నుదుటి మీదే మొటిమలు ఎక్కువగా ఉన్నవాళ్లు రాత్రి నూనె పెట్టుకుని పడుకోవడం మానేసి, తలస్నానానికి గంట ముందు పెట్టుకోండి.

జంగారెడ్డిగూడెం, ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీలకి బైకుల మీద వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోండి. హెల్మెట్ స్ట్రాప్, ముఖానికి బిగించి కట్టే చున్నీ రాపిడికి గడ్డం, బుగ్గల మీద మొటిమలు వస్తాయి. హెల్మెట్ మాత్రం తీయకండి, ప్రాణం ముఖ్యం. లోపలి గుడ్డ, చున్నీ తరచుగా ఉతికితే చాలు.

రొటీన్ ఇదే

ఉదయం మూడు పనులు. ఘాటు లేని ఫేస్‌వాష్‌తో ఒకసారి కడుక్కోండి. మెత్తటి టవల్‌తో అద్దుకోండి, రుద్దొద్దు. తర్వాత జిడ్డు లేని మాయిశ్చరైజర్. కవర్ మీద నాన్ కోమెడోజెనిక్ అని ఉంటే రంధ్రాలు మూయదని అర్థం. ఆపైన ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవునా తీసుకున్నంత. మన రంగు చర్మానికి మొటిమ పోయినా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. ఎండ తగిలితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది.

రాత్రి మళ్లీ కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక మందు, దాని మీద మాయిశ్చరైజర్.

మందు అంటే రెండు పేర్లు గుర్తుంచుకోండి. ఒకటి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్. ఇది బ్యాక్టీరియాని చంపుతుంది. 10 శాతం ఇంకా బాగా పనిచేస్తుందేమో అనుకోకండి, 2.5 దాదాపు అంతే పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. రెండోది అడాపలీన్ 0.1 శాతం జెల్. ఇది రంధ్రానికి మూత పడకుండా ఆపుతుంది. ఎర్ర మొటిమలు ఎక్కువైతే మొదటిది, వైట్‌హెడ్స్, బ్లాక్‌హెడ్స్ ఎక్కువైతే రెండోది, రెండూ కలిసి ఉంటే డాక్టరు రెండూ రాస్తారు. ఇవి మందులే కాబట్టి ఒకసారి చీటీ రాయించుకోండి. దానికి పెద్ద డాక్టరే అక్కర్లేదు, పీహెచ్‌సీ డాక్టరు గారు కూడా రాయగలరు.

శనగ గింజంత జెల్ ముఖమంతటికీ సరిపోతుంది. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే ప్రాంతమంతా పల్చగా రాయాలి, ఎందుకంటే తర్వాతి మొటిమ పక్కన లోపల తయారవుతూ ఉంటుంది. కళ్లు, పెదాల చుట్టూ వదిలేయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయండి. కాస్త పొట్టు లేవడం, మంట సహజం. అడాపలీన్ మొదలెట్టిన తొలి వారాల్లో మొటిమలు కొంచెం పెరిగినట్టు కూడా అనిపించొచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. మానొద్దు.

జాగ్రత్తలు మూడు. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే రంగు దుప్పట్లు, చున్నీలు వెలిసిపోతాయి, తెల్ల టవల్ వాడండి. దాన్ని వేడిలో ఉంచకూడదు, బాగా వేడెక్కితే అందులోంచి బెంజీన్ అనే హానికర రసాయనం పుడుతుంది. మన ఎండలకి బైకు డిక్కీలో అస్సలు పెట్టకండి. గర్భంతో ఉన్నవాళ్లు, ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు.

డబ్బు లెక్క

కంపెనీని బట్టి మారుతుంది, సుమారుగా చెప్తున్నాను. మూడు నెలలకి ఫేస్‌వాష్ రెండు, 300 రూపాయలు. జెల్ ట్యూబులు రెండు, 400. మాయిశ్చరైజర్ ఒకటి, 200. సన్‌స్క్రీన్ రెండు, 700. మొత్తం 1600. రోజుకి 18 రూపాయలు పడుతుంది. అంత కుదరకపోతే సన్‌స్క్రీన్ బదులు గొడుగో టోపీయో పెట్టుకోండి, మందు మాత్రం తగ్గించకండి. డాక్టరు చీటీలో మందు పేరు ఉంటుంది కదా, జన ఔషధి షాపులో అదే పేరు చెప్పి అడగండి, ఉంటే ఇంకా తక్కువకి వస్తుంది. విటమిన్ సి సీరమ్, చార్‌కోల్ మాస్క్, రీల్స్‌లో చూపించే పది సీసాలు, మొటిమలు తగ్గడానికి ఇవేవీ అక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

12 వారాలు సరిగ్గా రాసినా తగ్గకపోతే వెళ్లాలి. లోతుగా, గట్టిగా, నొప్పిగా గడ్డలు వస్తుంటే మొదటి రోజే వెళ్లాలి, అవి గుంటలు మిగులుస్తాయి, గుంట పడ్డాక పూడ్చడం చాలా ఖరీదు. నెలసరి సరిగా రాకుండా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతూ మొటిమలు వస్తుంటే అది పీసీఓఎస్ కావచ్చు, చూపించుకోండి. నుదుటి మీద ఒకే సైజులో దురద పెట్టే చిన్న పొక్కులు ఫంగస్ వల్ల కూడా వస్తాయి, దానికి మందు వేరు. ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఎవరో చెప్పారని మాత్రం మింగొద్దు. డాక్టరు చేతిలో అది మంచి మందే, కానీ గర్భంలో బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తుంది, రక్త పరీక్షలు కూడా కావాలి.

ప్రైవేటుకి వెళ్లే స్తోమత లేకపోతే, ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, దాని ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ గురించి అడగండి. ఈ-సంజీవని అని కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సేవ ఉంది, ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడొచ్చు.

ఒక్కమాట చెప్పి ముగిస్తాను. ఫొటోకి ఫిల్టర్ లేకుండా నిలబడలేక ఫంక్షన్లు ఎగ్గొట్టేవాళ్లు నాకు తెలుసు. ఆ బాధ చిన్నదేం కాదు. పెద్దవాళ్లు "వయసుతో పోతుందిలే" అంటారు. చాలామందికి పోతుంది కూడా, కానీ మచ్చలు, గుంటలు ఉండిపోతాయి. కాబట్టి ఆగొద్దు, తొందరపడీ చెడగొట్టుకోవద్దు. ఈ రోజు వెలుతురులో ముఖం ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో లెక్కపెట్టకుండా, నెలకోసారి అదే చోట నిలబడి ఇంకోటి తీయండి. మూడో ఫొటోకి తేడా మీకే తెలుస్తుంది.

నల్లమచ్చల గురించి వచ్చే ఎపిసోడ్‌లో వివరంగా మాట్లాడుకుందాం. అప్పటివరకు గిల్లకండి. ఉంటానండి.