గుకేశ్‌ను అర్జున్ ఓడిస్తే ప్రజ్ఞానంద ఎలా గెలిచాడు?

2025 ఫిబ్రవరి 2న నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో టాటా స్టీల్ చెస్ ఆఖరి రౌండ్. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి ప్రపంచ చాంపియన్ గుకేశ్‌ను ఓడించాడు. గుకేశ్ చెన్నైలో పుట్టినా వాళ్లదీ తెలుగు కుటుంబమే. ఇక టోర్నీకి పేరిచ్చిన కంపెనీ పుట్టిల్లు జంషెడ్‌పూర్. అక్కడి ఉక్కు కర్మాగారంలో తరాలుగా తెలుగువాళ్లు పనిచేస్తున్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కూడా కట్టుకున్నారు.

సముద్రం పక్కనున్న డచ్ పల్లెకు ఆ పేరెలా చేరింది? 1938లో హోగోవెన్స్ అనే అక్కడి ఉక్కు కంపెనీ చిన్నగా మొదలుపెట్టిన పోటీ ఇది. ఆ కంపెనీ తర్వాత కోరస్‌లో కలిసింది. 2007లో కోరస్‌ను టాటా స్టీల్ కొనేసింది. 2011 నుంచి టోర్నీ పేరూ మారింది.

ఆడేది 14 మంది. ప్రతి ఒక్కరూ మిగతా 13 మందితోనూ తలపడాలి. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. 12 రౌండ్లు ముగిసేసరికి గుకేశ్, ప్రజ్ఞానంద చెరో 8.5 పాయింట్లతో ముందున్నారు. అర్జున్ టైటిల్ పోటీలోనే లేడు. 2024 డిసెంబర్‌లో 2801 రేటింగ్ అందుకున్న అతనికి ఈ టోర్నీ అచ్చిరాలేదు. అయినా గుకేశ్‌ను తేలిగ్గా వదల్లేదు. టోర్నీలో గుకేశ్‌కు అదే తొలి ఓటమి, ప్రపంచ చాంపియన్ అయ్యాక కూడా అదే మొదటిది.

ఆ ఆట ముందే ముగియడంతో ప్రజ్ఞానందకు డ్రా చాలు. కానీ గంటల తరబడి కాచుకుని, చివరికి అతనూ జర్మనీ ఆటగాడు విన్సెంట్ కీమర్‌కు తలవంచాడు. మళ్లీ ఇద్దరూ 8.5 దగ్గరే!

అప్పుడు టైబ్రేక్. మూడేసి నిమిషాల బ్లిట్జ్‌లో మొదటి ఆట గుకేశ్‌ది, రెండోది ప్రజ్ఞానందది. ఆపైన సడన్ డెత్: తెల్లపావులకు రెండున్నర నిమిషాలు, నల్లపావులకు మూడు. మొదటి ఎత్తు వేసే తెల్లపావులకు సహజంగా కాస్త మొగ్గు ఉంటుంది కాబట్టి, దాన్ని సరిచేయడానికి అర నిమిషం కోత. ఆ ఆటలో ప్రజ్ఞానంద గెలిచి చాంపియన్ అయ్యాడు.

రెండు వారాలకు పైగా సాగిన పోటీకి నిమిషాల్లో తీర్పు చెప్పడం నాకైతే మింగుడుపడదు. 2006లో ఇదే టోర్నీలో ఆనంద్, తొపలోవ్ టైటిల్ పంచుకున్నారు, ఎవరి గౌరవమూ తగ్గలేదు. టైబ్రేక్‌లో గుకేశ్‌కు ఇది వరుసగా రెండో దెబ్బ. 2024లో ఇక్కడే చైనా ఆటగాడు వై యి చేతిలో ఓడాడు.