సర్వరు గడియారము - సరియైన కాలము

గ్రామ పంచాయతీ లెక్కలు, చెల్లింపులు, ధ్రువపత్రములు, పనుల టెండర్లు నేడు కంప్యూటరు ద్వారా నడచుచున్నవి. దూరమున నుండి ఈ సమాచారమును భద్రపరచి, అడిగినవారికి అందించు కంప్యూటరును సర్వరు అందురు. తనకు చేరిన ప్రతి పత్రమునకు అది తేదీని, గంటను, నిమిషమును నమోదు చేయును. టెండరు గడువు ముగిసినదా లేదా యని తేల్చునది గుత్తేదారు చేతి గడియారము కాదు, సర్వరు గడియారము. అదియే తప్పినచో సకాలమున వచ్చిన టెండరు త్రోసివేయబడవచ్చును. గడువు దాటినది అంగీకరింపబడవచ్చును.

ఒక్క నిమిషము తేడా వలన ఏమగునో తెలియుటకు రామగుండము విద్యుత్కేంద్రమును చూడుడు. 1983లో ఉత్పత్తి ప్రారంభించిన ఈ ఎన్.టి.పి.సి. కేంద్రము 7 యూనిట్లతో 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. విద్యుత్తు లెక్కలకై దినమును 15 నిమిషముల చొప్పున 96 భాగములుగా విభజింతురు. ఏ భాగమున ఎంత విద్యుత్తు పంపినది మీటర్లు నమోదు చేయును. పూర్తి సామర్థ్యముతో నడచునపుడు ఒక్క నిమిషములో పుట్టు విద్యుత్తు సుమారు 43,000 యూనిట్లు. గడియారము నిమిషము తప్పినచో అంత విద్యుత్తు వేరొక భాగపు లెక్కలో చేరును. కావుననే విద్యుత్కేంద్రముల గడియారములను ఉపగ్రహ సంకేతములతో సరిచూతురు.

కంప్యూటరు గడియారము ఏల తప్పును? అందలి స్ఫటికపు ముక్క కంపనములను లెక్కించి అది కాలమును గణించును. వేడిమి వలనను, పాతబడుట వలనను ఆ కంపనవేగము కొంచెము మారును. దినమునకు ఒక్క సెకను తప్పినను నెలకు అర నిమిషమగును.

దీనికి ఉపాయము కలదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారములతో భారత ప్రామాణిక కాలమును నిలుపుచున్నది. సర్వరు అంతర్జాలము ద్వారా ఇట్టి ప్రామాణిక గడియారమును కాలమడుగును. ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు పట్టిన వ్యవధిని కొలిచి, దారిలో జరిగిన ఆలస్యమును లెక్కకట్టి సరిచేసికొనును. అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ 1985లో ఈ పద్ధతిని ప్రకటించెను. చిన్న తేడా యున్నచో గడియారమును ఒక్కసారిగా వెనుకకు త్రిప్పక, దాని నడకను మెల్లగా మార్చి సరిదిద్దుదురు. వెనుకకు త్రిప్పినచో తరువాత వచ్చిన అర్జీ ముందు వచ్చినట్లు నమోదు కావచ్చును. ప్రభుత్వ కార్యాలయములు, సంస్థలు తమ కంప్యూటర్ల గడియారములను ప్రామాణిక కాలముతో సరిచూచుకొనవలెనని కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించినది.

పంచాయతీ కంప్యూటరు విషయములోను ఈ జాగ్రత్త అవసరము. కాలము దానంతట అదే సరియగునట్లు అమర్చి, భారత కాలమును ఎన్నుకొనవలెను. కరెంటు పోయివచ్చినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవుచున్నచో లోపలి బిళ్ళ బ్యాటరీని మార్పించవలెను. తేదీ తప్పినచో చెల్లింపుల సైట్లు తెరచుకొనకపోవచ్చును. టెండరు తుది గడియవరకు ఆగక, సైటుపై కనిపించు సర్వరు కాలమును చూచి ముందుగనే దాఖలు చేయుడని గుత్తేదారులకు తెలుపుట మేలు. అందరికి ఒకే కాలము అమలైననే అందరికి ఒకే న్యాయము జరుగును.