మిషను సరే... పక్కన మనిషి?

'మీది సోమ-బుధ-శుక్ర బ్యాచా? మంగళ-గురు-శని బ్యాచా?'

ఇది ట్యూషన్ గొడవ కాదు. డయాలసిస్ చేయించుకునేవాళ్ల వారం ఇలాగే నడుస్తుంది. పెళ్లిళ్లూ పేరంటాలూ పండగలూ అన్నీ ఆ రోజులు తప్పించి పెట్టుకోవాల్సిందే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ లెక్క తెలియని ఊరు వెతికినా దొరకదేమో!

పేరుకది ఉద్యానవనం. ఆ మాటే నోళ్లలో నలిగి ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస... ఎటు చూసినా పచ్చదనమే. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న ఆ పచ్చదనం మధ్యే కిడ్నీ జబ్బు కాపురం పెట్టింది. షుగరు లేదు, బీపీ లేదు, అయినా పొలం పనులు చేసుకునే నడివయసు మనుషులకి మూత్రపిండాలు చల్లగా పాడైపోతున్నాయి. వైద్యులు అక్కడ సుమారు 2,200 మందిని పరీక్షించి చూస్తే నూటికి దాదాపు 18 మందిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు బయటపడింది. వాళ్లలో ఎక్కువమందికి కారణమేమిటో తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగు మందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఒక్క ముక్కలో జవాబు లేదు.

సరే, కారణం వెతికేవాళ్లు వెతుకుతూనే ఉంటారు. ఈలోగా ఇవాళ జబ్బుతో ఉన్న మనిషి సంగతి?

విశాఖ దూరం... బరంపురం దగ్గర

ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖపట్నం కేజీహెచ్చే. ఇచ్ఛాపురం నుంచి రెండొందల కిలోమీటర్ల పైమాటే. వారానికి రెండు మూడుసార్లు అంత దూరం వెళ్లి రావడమంటే మాటలా? కొందరు విశాఖలోనే గది అద్దెకు తీసుకున్నారు. సరిహద్దు ఊళ్లవాళ్లు ఒడిశాలోని బరంపురం పోయేవారు. ఏదీ కుదరనివాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. ఆ ఉండిపోవడానికి అర్థమేమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత కథ కదిలింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగతా రెండూ అనంతపురం, మహబూబ్‌నగర్. 2008లో జిల్లా కేంద్రంలో రిమ్స్ వైద్య కళాశాల వచ్చింది. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చాక ఉద్దానం పేరు రాష్ట్రమంతా మోగింది. సోంపేట, పలాస, కవిటి, హరిపురం లాంటి సామాజిక ఆసుపత్రుల్లో డయాలసిస్ మిషన్లు పెట్టారు. డయాలసిస్ రోగుల పింఛను 2,500 నుంచి 3,500 అయింది, 2019లో ఏకంగా 10,000కు చేరింది. పలాసలో 2019 సెప్టెంబరులో శంకుస్థాపన చేసిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి శుద్ధి చేసిన నీళ్లు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు.

ఇవేవీ చిన్న పనులు కావు. ఏ పార్టీ చేసినా చేసినట్టే. కానీ మనవాళ్లకో అలవాటుంది. రిబ్బను కత్తిరించగానే పని అయిపోయిందనుకుంటాం. ఆసుపత్రి విషయంలో అసలు పని మొదలయ్యేది ఆ మర్నాడే.

ఒక్క షిఫ్టు పోతే...

చిన్న లెక్క వేద్దాం. ఒకసారి డయాలసిస్‌కి నాలుగు గంటలు. తర్వాత మిషను శుభ్రం చేసి ఇంకొకరికి సిద్ధం చేయాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు షిఫ్టులు నడిపితే ఒక మిషను మీద రోజుకు ముగ్గురు. వారానికి ఆరు రోజులకి 18 సార్లు. మనిషికి వారానికి మూడుసార్లు చేస్తే ఆ మిషను ఆరుగురిని మోస్తుంది. రెండుసార్లతో సరిపెడితే తొమ్మిది మందిని.

పది మిషన్లున్న కేంద్రమనుకోండి. మూడుసార్ల లెక్కన 60 మంది, రెండుసార్ల లెక్కన 90 మంది. ఇప్పుడు సాయంత్రం షిఫ్టుకి టెక్నీషియన్లు లేరనుకుందాం. మిషన్లు పదీ అక్కడే ఉంటాయి, కరెంటూ ఉంటుంది, మంచాలూ ఉంటాయి. 60 మంది కాస్తా 40 అవుతారు. లేదా ఆ అరవై మందినే రెండేసి సార్లకు సర్దాల్సి వస్తుంది. కాగితం మీద మాత్రం 'పది మిషన్ల కేంద్రం' అనే రాసుంటుంది!

రెండుసార్లయితే ఏమవుతుందంటారా? గురువారం తర్వాత మళ్లీ సోమవారమే. మధ్యలో తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే. కాళ్లు వాస్తాయి, పడుకుంటే ఊపిరాడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ కదా, డయాలసిస్ రోగికి బొండాం వద్దంటారు. పనస తొనలూ అంతే. ఉద్దానంలో పుట్టి పెరిగినవాడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? ఆ మాట విసుగు లేకుండా నాలుగుసార్లు చెప్పి, ఇంట్లో వండేవాళ్లకీ నచ్చజెప్పాల్సింది ఎవరు? నర్సమ్మే. మూడు నాలుగు మిషన్లు చూసుకోవాల్సినామె మీద ఎనిమిది పడితే ఆ మాటలకి వేళ ఉండదు.

నాణ్యత అంటే ఏమిటని అడిగితే చాలామంది ఏసీ గది, తళతళలాడే టైల్సు అంటారు. డయాలసిస్ గదిలో నాణ్యత వేరు. ముందూ వెనకా బరువు తూచడం, ఎంత నీరు తీయాలో సరిగ్గా లెక్కకట్టడం. ఎక్కువ లాగేస్తే బీపీ పడిపోయి పిక్కలు పట్టేస్తాయి. తక్కువ తీస్తే ఆయాసంతో ఇంటికెళతాడు. గంటగంటకీ బీపీ చూడటం. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికెళ్లే ముందు చేతి తొడుగులు మార్చడం... చూడ్డానికి ఎంత చిన్న పని! అది తప్పితే ఒకరి హెపటైటిస్-సి నలుగురికీ అంటుకుంటుంది. మనుషులు తక్కువై తొందర ఎక్కువైతే ముందు ఎగిరిపోయేవి ఇలాంటి చిన్న పనులే.

నీళ్ల సంగతీ ఉంది. ఒక్కో డయాలసిస్‌లో రోగి రక్తానికి పల్చటి పొర అవతల సుమారు 120 లీటర్ల నీరు పారుతుంది. అది తాగే నీటికన్నా ఎన్నో రెట్లు శుభ్రంగా ఉండాలి. అందుకే ప్రతి కేంద్రానికీ ఆర్వో ప్లాంటు, దానికొక నిర్వహణ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. చాలా ఊళ్లలో రోజుల తరబడి చీకటే. జనరేటరులో డీజిలు ఎవరు పోయించాలి, ఆర్వో ఫిల్టరు ఎవరు మార్పించాలి అన్న ప్రశ్నలు అలాంటప్పుడు ప్రాణం మీది ప్రశ్నలవుతాయి.

'ఉచితం' పక్కన ఇంకో చీటీ

డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు. ఆ పథకం పేరు ఆరోగ్యశ్రీ నుంచి ఎన్టీఆర్ వైద్యసేవకీ, అక్కణ్నుంచి ఆరోగ్యశ్రీకీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవకీ మారింది. రోగికి ఏ పేరైనా ఒకటే, కార్డు చెల్లితే చాలు. అయితే ఖర్చు అక్కడితో ఆగదు.

వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 సార్లు. ఒక్కడే వెళ్లలేడు, తోడు కావాలి. రానూపోనూ ఇద్దరి ఆటో, బస్సు చార్జీలు 156 సార్లు. తోడు వచ్చిన భార్యకో కొడుక్కో ఆ 156 రోజుల కూలీ పోయినట్టే. పలాసలో జీడిపప్పు వలిచే పని రోజు లెక్కది, రాని రోజుకి రూపాయి రాదు. పింఛను పదివేలు పెద్ద ఊరటే, కాదనలేం. కాకపోతే అది కుటుంబంలో ఆగిపోయిన రెండు సంపాదనలకి బదులు.

మణికట్టు దగ్గర రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ సంగతి చూడండి. డయాలసిస్ మొదలవడానికి కొన్ని వారాల ముందే అది చేయించుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. చేసే సర్జను దగ్గర్లో లేకపోతే మెడలో గొట్టం పెట్టి నెట్టుకొస్తారు. గొట్టానికి ఇన్‌ఫెక్షన్, జ్వరం, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఖర్చు. రక్తం పెరగడానికిచ్చే ఇంజక్షను ఆసుపత్రిలో నిండుకున్న వారం బయట కొనాల్సిందే. ఒక నిపుణుడి కొరత ఇలా ఇంటి అప్పుగా మారుతుంది. తాకట్టుకి పోయేది తోట.

ఇంకో దారిన పోయే డబ్బూ ఉంది. ఒళ్లు నొప్పులంటే ఊళ్లోని ఆరెంపీ దగ్గరికెళ్లి సూది వేయించుకోవడం. ఆసుపత్రిలో డాక్టరుగారు ఉంటారో లేరో తెలియనప్పుడు పిలవగానే పలికేది ఆయనే మరి. ఆ నొప్పి మందులు అసలే నీరసించిన కిడ్నీలకి చేటు.

డాక్టరు ఎందుకు నిలవడు?

ఇది ఉద్దానం ఒక్కదాని బాధ కాదు. సామాజిక ఆరోగ్య కేంద్రమంటే 30 పడకలు, సర్జను, ఫిజీషియను, గైనకాలజిస్టు, పిల్లల వైద్యుడు ఉండాలని నియమం. 2021-22 కేంద్ర ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల కేంద్రాలకి అవసరమైన నిపుణుల్లో దాదాపు 80 శాతం కొరతే. సర్జన్లు మరీ తక్కువ.

డాక్టర్లని తిట్టడం తేలిక. ఒక్కరే గైనకాలజిస్టును వేసి, మత్తు డాక్టరును వేయకపోతే ఆమె ఏం చేస్తుంది? సిజేరియన్ కేసు రాగానే శ్రీకాకుళమో విజయనగరమో రాసి 108 పిలుస్తుంది. చదివిన చదువు చీటీ రాయడానికే సరిపోతుంది. ఉండటానికి క్వార్టరు లేదు, పిల్లలకి బడి దూరం, రాత్రీపగలూ తానొక్కతే. రెండేళ్లు చూసి వెళ్లిపోతుంది. కిడ్నీ నిపుణుడైతే ఎండీ తర్వాత మరో మూడేళ్లు డీఎం చదివి వస్తాడు. పెద్ద నగరాల్లో అతనికి ఎదురొచ్చి ఉద్యోగం ఇస్తారు. పల్లెకి రప్పించాలంటే జీతం ఒక్కటే చాలదు, పక్కన ఇంకో నిపుణుడు, లాబు, సర్జను ఉండాలి. జట్టును వేస్తేనే ఆ జట్టులోని మనిషి నిలుస్తాడు.

విజయనగరానికి 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2021 బ్యాచ్ నుంచి ఉంది. ఆ నీడ సామాజిక ఆసుపత్రులదాకా సాగితే కొంత నయం.

నిలిచిన ఉదాహరణలు లేకపోలేదు. సోంపేటలోనే కెనడియన్ బాప్టిస్టు మిషన్ వారి ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి ఉండేది. అక్కడ పనిచేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ 1963లో కెనడాలోని కాల్గరీ వెళ్లి, 25 డాలర్లుంటే ఒకరికి చూపు తెప్పించవచ్చని చెప్పాడు. ఆ మాట విని ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి మొదలుపెట్టిన ఆపరేషన్ ఐసైట్ సంస్థ తర్వాత చాలా దేశాలకి పాకింది. ఒకరికి ఎంత ఖర్చవుతుందో కచ్చితంగా చెప్పగలిగాడు కాబట్టే డబ్బు కదిలింది. మన సర్కారు ఆసుపత్రులు మిషన్ల సంఖ్య చెప్పినంత ధీమాగా షిఫ్టుకి ఎందరు సిబ్బందో చెబితే ఎంత బాగుండు!

దూరాన్ని ఖర్చుగా గుర్తించిన సందర్భం విజయనగరం వైపు కొండల్లోనూ కనిపిస్తుంది. డోలీలో గర్భిణిని మోసుకొచ్చే దుస్థితి చూసి 2018లో పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో గర్భిణుల వసతి గృహం తెరిచింది. నెలలు నిండకముందే కొండ దిగి వచ్చి అక్కడ ఉంటారు. తిండి, పరీక్షలు అక్కడే. నొప్పులు మొదలైతే ఆసుపత్రి పక్కనే. పాత భవనంలో పెద్ద యంత్రాలేవీ లేకుండానే పని జరిగింది. కనిపెట్టుకునే మనుషుల్ని పెట్టారు, అంతే.

మీ ఇంట్లోనో బంధువుల్లోనో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లుంటే సిస్టరు దగ్గర కొన్ని సంగతులు మొహమాటం లేకుండా అడగండి. వారానికి మూడుసార్లు అవసరమని డాక్టరు రాశాక రెండే ఎందుకు? హెపటైటిస్-బి టీకా వేశారా? ఫిస్టులా ఎప్పుడు? ఇంట్లో మిగతావాళ్లకి క్రియాటినిన్ పరీక్ష చేయించారా? సాయంత్రం షిఫ్టు ఆగిపోతే అది ఎవరి సెలవు వల్ల, ఎన్నాళ్లు? చివరి ప్రశ్నకి పాపం సిస్టరు దగ్గర జవాబుండదు. దాన్ని ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ముందు పెట్టాలి.