5.3 ఆర్కేడ్ వీడియో గేములు: సృజనాత్మకత, మౌలికత

తిరుపతి, చిత్తూరు ప్రాంత పల్లెల్లో రచ్చబండ మీదో, గుడి మండపం బండల మీదో పులి-మేక ఆట గీతలు మీరు చూసే ఉంటారు. 3 పులులు, 15 మేకలతో ఆడే రూపాన్ని గుర్తు తెచ్చుకోండి. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. మేకలన్నీ కలిసి పులులను కదలనీయకుండా చేస్తేనే వాటి గెలుపు. ఆసక్తి అంతా ఈ అసమాన బలాల నియమంలోనే ఉంది. అంటే, ఆటలో సృజన బొమ్మల అందం మాత్రమే కాదు, నియమాల కూర్పు కూడా.

5.3.1 పాతదాని నుంచి కొత్తది

1976లో అటారి సంస్థ తెచ్చిన బ్రేకౌట్‌లో ఆటగాడు బంతితో ఇటుకల వరుసలను పగలగొడతాడు. ఆ ప్రేరణతో జపాన్‌లోని టైటో సంస్థకు చెందిన తొమోహిరో నిషికాడో 1978లో స్పేస్ ఇన్‌వేడర్స్ రూపొందించాడు. కదలని ఇటుకల స్థానంలో 55 గ్రహాంతర శత్రువులు వచ్చాయి. అవి కదులుతాయి, ఎదురుకాల్పులు జరుపుతాయి. శత్రువులు తగ్గేకొద్దీ యంత్రం గీయవలసిన బొమ్మలు తగ్గి, మిగిలినవాటి వేగం పెరిగేది. నిషికాడో దాన్ని సరిదిద్దలేదు; ఉత్కంఠ పెంచే అంశంగా ఉంచేశాడు.

1980లో నామ్కో సంస్థలో తోరు ఇవాతాని రూపొందించిన ప్యాక్‌మ్యాన్‌లో కాల్పులే లేవు. స్త్రీలను కూడా ఆకర్షించాలని ఆయన తినడాన్ని ఇతివృత్తంగా తీసుకున్నాడు. 4 భూతాలకు వేర్వేరు నడవడి ఇచ్చాడు: ఎర్రది వెంటపడుతుంది, గులాబీ రంగుది ముందుకు పోయి అడ్డగించజూస్తుంది. పెద్ద చుక్క తింటే కొద్ది క్షణాలపాటు మేకే పులి అవుతుంది!

5.3.2 ఏది అనుకరణ?

కె.సి. మంచ్‌కిన్ అనే ఆట ప్యాక్‌మ్యాన్‌ను పోలి ఉందని అటారి కోర్టుకు వెళ్ళింది. చిక్కుదారుల్లో వెంటాడే ఆట అనే ఆలోచన ఎవరి సొత్తూ కాదని, తినే బొమ్మ, భూతాల రూపురేఖలను తీసుకోవడం మాత్రం తగదని భావించి, 1982లో అమెరికా అప్పీలు కోర్టు దాని అమ్మకాలపై తాత్కాలిక నిషేధం విధించాలని ఆదేశించింది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో, కాపీరైట్ ఆలోచనకు కాదు, దాని వ్యక్తీకరణకే వర్తిస్తుందని చెప్పింది.

రేపు మీరు పులి-మేకను ఫోన్ ఆటగా మలిచారనుకోండి. పాత గీతలు, నియమాలు అందరివీ. మీరు గీసిన బొమ్మలు, రాసిన ప్రోగ్రామ్ మీవి. మీరు చేర్చిన కొత్త నియమం మీ సృజనే అయినా, దాన్ని ఇతరులు వాడుకోకుండా కాపీరైట్ ఆపదు. కాబట్టి మౌలికత, చట్టరక్షణ ఒకటి కావని గుర్తుంచుకోండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. బ్రేకౌట్ నుంచి స్పేస్ ఇన్‌వేడర్స్ ఏం తీసుకుంది? ఏం మార్చింది?
2. పులి-మేకలో ఒక్క నియమం మార్చి, దానివల్ల ఎవరి బలం పెరుగుతుందో వివరించండి.